ఎర్రదారం కట్టిన జీడిపూత

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్కూలు స్టాఫ్ రూములో అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. సముద్రం చూశారా, సింహాచలం వెళ్లారా, ఓడ ఎక్కారా అని. సముద్రం చూశాను. సింహాచలం కొండకి బస్సు కిటికీలోంచే దండం పెట్టుకున్నాను. ఓడ ఎక్కలేదు. ఉన్న నాలుగు రోజుల్లో నేను ఎక్కువసేపు చూసింది జీడిమామిడి పూత మీద వాలే ఈగల్ని. అసలు వెళ్లింది అందుకు కూడా కాదు. మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చేద్దామని వెళ్లాను.

మాది రేపల్లె దగ్గర ఊరు. నేను హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. మా సుభద్ర విశాఖలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. ఏదో ఒక విషయం సొంతంగా పరిశీలించి రాసివ్వాలంటే అది తేనెటీగల్ని ఎంచుకుంది. మాఘమాసం చివర్లో ఒక కార్డు రాసింది. తోటలో పని బాగా సాగుతోంది, మొన్న ఒక ఈగ కుట్టింది, ఏం లేదు, అని. చిన్నప్పుడు కందిరీగ కుడితే దీని మొహం రెండు రోజులు వాచిపోయి ఉండింది. ఆ "ఏం లేదు" పట్టుకుని మా ఆవిడ కామేశ్వరి మూడు రాత్రులు నిద్రపోలేదు. ఆవిడ నిద్రపోతే కదా నేను నిద్రపోయేది!

"వెళ్లి కళ్లారా చూసి రండి. ఏమాత్రం తేడాగా ఉన్నా తీసుకొచ్చేయండి. చదువు వచ్చే ఏడైనా చదువుకోవచ్చు," అంది.

నేను అసలే భయస్థుణ్ణి. గొడుగు లేకుండా పెరట్లోకి కూడా వెళ్లనని పిల్లలు వెనకాల నవ్వుకుంటారు. చేతిసంచిలో పంచెలకన్నా ముందు సున్నం డబ్బీ, నాలుగు ఉల్లిపాయలు సర్దుకున్నాను. కుట్టినచోట రాయడానికి ఆ రెంటినీ మించిన మందు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

గోపాలపట్నం

అమ్మాయి చెప్పినట్టు పాసింజరు బండి విశాఖ చేరకముందే దిగిపోయి గోపాలపట్నం సెంటరుకి వచ్చాను. ఏడు గంటలకి అక్కడుంటానంది. ఏడుంబావు అయింది, రాలేదు. ఏడున్నరకి నేను ఆస్పత్రులన్నీ మనసులో తిరిగొచ్చాను. ఏడూ ముప్పావుకి బస్సు దిగి నవ్వుకుంటూ వచ్చింది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. బాగా నల్లబడింది. పలకరించకుండానే ముందు మొహం, తర్వాత రెండు చేతులూ తిప్పి చూశాను. వాపు ఎక్కడా లేదు.

"తూకం వేసి కొనుక్కుంటావా నాన్నా?" అంది.

హోటల్లో ఇడ్లీ తిన్నాం. ప్లేటు మా ఊళ్లో కన్నా పది పైసలు ఎక్కువ, ఇడ్లీ మాత్రం మా ఊళ్లో కన్నా చిన్నది. అల్లం పచ్చడిలో బెల్లం దండిగా వేశారు. ఈ వైపు పులుసులోనూ, పచ్చడిలోనూ, చివరికి ఆవకాయలోనూ బెల్లం తగలాల్సిందే.

అక్కణ్ణించి రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో బుట్టతో ఎక్కిన ఒకాయన నన్ను భుజంతో మెల్లగా తోసి, "బావా, కూసింత జరుగు," అన్నాడు. నేను అదిరిపడ్డాను. మా వైపు ముక్కూ మొహం తెలియనివాణ్ణి బావా అంటే కర్రలు లేస్తాయి. ఇక్కడ కండక్టరు డ్రైవర్ని బావా అంటాడు, డ్రైవరు ఎదురొచ్చే లారీవాణ్ణి బావా అంటాడు. సాయంత్రానికి నాకూ అలవాటైపోయింది.

కూర్మన్నపాలెం దాటాక

ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. దారి పొడవునా లారీలు, ఎర్రదుమ్ము, ఆకాశంలో క్రేన్లు. కూర్మన్నపాలెంలో దిగి మూడు మైళ్లు నడిచాం. దారిలో పైకప్పులు విప్పుకుపోయిన ఇళ్లు కనిపించాయి. ఆ ఊళ్లవాళ్లని వేరేచోటికి పంపేశారట. ఖాళీ ఇళ్ల గోడల పక్కన గడ్డిచామంతులు విరగబూశాయి. వాటి మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు పదో పదిహేనో ఎగురుతున్నాయి. వాటికి ఖాళీ చేయమని కాగితం రాలేదు కాబోలు అనుకున్నాను.

అమ్మాయి ఉంటున్నది సన్యాసినాయుడు గారింట్లో. ఆయన కర్మాగారం కట్టే పనుల్లో షిఫ్టు చేస్తాడు, మిగిలిన వేళల్లో రెండెకరాల జీడితోట చూసుకుంటాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఖాకీ నిక్కరు, భుజం మీద తువ్వాలు.

"ఈ ఏటి కాపొక్కటే మాది మాస్టారూ. వచ్చే ఏడు ఈ బూమి ఉక్కు పేక్టరీదైపోద్ది. అందుకే పూత సూసుకుంటన్నాను," అన్నాడు.

ఆయన భార్య పైడమ్మ తొలికాపు పచ్చి జీడిపప్పు కూర వండి, చోడిసంకటి, అదే మన రాగిసంకటి, పెట్టింది. అలాంటి కూర మా జిల్లాలో డబ్బు పెట్టినా దొరకదు. ఆ ఉత్సాహంలో నేనూ రెండు కాయలు వలుస్తానని కూర్చున్నాను. పొట్టులోని జీడిరసం తగిలి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. ఈగే కుట్టిందనుకుని సున్నం డబ్బీ తీశాను. పైడమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "అది ఈగ కాదు మాస్టారూ, కాయ. కాయక్కూడా కోపముంటాది," అని కొబ్బరినూనె రాసింది.

తోటలో

మర్నాడు తెల్లారగానే తోటకి వెళ్లాం. జీడిపూత వాసన తియ్యగా, కొంచెం ఘాటుగా ఉంటుంది. చెట్లన్నీ లేత గులాబిరంగు పూగుత్తులతో నిండి ఉన్నాయి. అక్కడక్కడ కొన్ని గుత్తులకి ఎర్రదారం కట్టి ఉంది. అవి అమ్మాయివి. ఒక్కో దారం ముందు గడియారం చూసుకుని పది నిమిషాలు కదలకుండా కూర్చుంటుంది. ఏ ఈగ వచ్చింది, ఎన్ని పూల మీద వాలింది, గీతలు గీస్తుంది. మళ్లీ ఇంకో దారం. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అదే పని.

నేను గొడుగు వేసుకుని నాలుగడుగుల వెనక నిలబడ్డాను, సున్నం డబ్బీ మూత తీసి పట్టుకుని. ఒక తేనెటీగ అమ్మాయి మణికట్టు మీద వాలి, మోచేతిదాకా నడిచి వెళ్లింది. మా పిల్ల కదల్లేదు. నేనే డబ్బీ పట్టుకుని రెండడుగులు ముందుకొచ్చాను.

"నాన్నా, నీ నీడ పూత మీద పడుతోంది. నువ్వెళ్లి పాక దగ్గర కూర్చో," అంది.

పాక దగ్గర కూర్చుంటే నెత్తిమీద పొడి రాలింది. తలెత్తితే వాసంలో వేలు పట్టేంత బెజ్జం. అందులోంచి నిగనిగలాడే నల్లటి పురుగొకటి వెనక్కి పాక్కుంటూ వచ్చి, గుయ్యిమంటూ నా మొహం చుట్టూ తిరిగింది. నేను పంచె ఎగ్గట్టి పరుగెత్తాను.

"అదే నీ తుమ్మెద!" అని అరిచింది అమ్మాయి నవ్వుతూ.

పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాను. తుమ్మెద నల్లగా ఉంటుందని, ఝంకారం చేస్తుందని, తామరల చుట్టూ తిరుగుతుందని. అది ఎండుకర్రలో వడ్రంగిలా బెజ్జం చేసుకుని కాపురముంటుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ చూడలేదు. సీతాకోకచిలుకల సంగతీ అంతే. ఎద్దును కట్టేసే చోట, అది తడిపిన మట్టి మీద, ముప్పై నలభై గుంపుగా వాలి ఉన్నాయి. ఆ తడిలోని ఉప్పు వాటికి కావాలట. తరగతిలో ఈ విషయం ఎలా చెప్పాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పాకలో వెల్ల వేసిన గోడ మీద రాత్రి లాంతరుకి వచ్చిన దీపంపురుగులు అలాగే అతుక్కుని నిద్రపోతున్నాయి. ఒక్కోదాని రెక్కల మీద ఒక్కో ముగ్గు. వాటి బొమ్మలు కూడా అమ్మాయి వేరే పుస్తకంలో వేసి పెట్టింది.

మధ్యాహ్నానికి నాకూ ఒక దారం అప్పగించింది. పది నిమిషాల్లో ముప్పై ఎనిమిది లెక్కపెట్టాను. భయపడి కళ్లు మూసుకున్నప్పుడు వచ్చినవి ఇందులో లేవు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా నాయుడు వచ్చాడు. తోట మూలనున్న చెట్ల కొమ్మలు వంచి చూశాడు. కొన్ని గుత్తులు నల్లగా మాడి ఉన్నాయి.

"దోమపురుగు పట్టి రసం పీల్చీసింది. రేపే మందు కొట్టేత్తాను," అన్నాడు తనలో తను.

మందంటే విషం. విషం కొడితే ఈగలు చస్తాయి. ఈగలు చస్తే అమ్మాయి ఇన్నాళ్ల పని నేలపాలు. పైగా ఆ గాలి అది పీలుస్తుంది. అమ్మాయితో అంటే కంగారు పడుతుందని ఏమీ అనలేదు. నేనే పెద్దమనిషి తరహాలో చక్కబెడదామనుకున్నాను.

పొద్దువాలాక అమ్మాయి స్నానానికి వెళ్లింది. నాయుడూ నేనూ భోజనానికి కూర్చున్నాం. పైడమ్మ విస్తళ్లలో వడ్డించింది. నేను గొంతు సవరించుకున్నాను.

"నాయుడు గారూ, ఒక్క మాట. కాదనకూడదు. ఆ మందు కొట్టడం వారం రోజులు ఆపండి. అమ్మాయి పని కోసం."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పైడమ్మ వైపు చూశాడు.

"వారమా, మాస్టారూ?"

"వారం చాలు."

"ఇస్తరి ముందు కూకుని అడిగినారు," అంది పైడమ్మ నేల వైపు చూస్తూ.

"అలగేలెండి. ఆపీత్తాను," అన్నాడు నాయుడు. ఆ తర్వాత ఆయన సరిగ్గా తినలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. నా నేర్పుకి నేనే మెచ్చుకుని హాయిగా పడుకున్నాను. ఇల్లు వదిలాక నాకు నిద్రపట్టింది ఆ ఒక్క రాత్రే.

రేవు

పొద్దున్నే అందరూ నామీద పడ్డారు. "రేవు సూడకండా ఎల్తారేటి మాస్టారూ!" అని నాయుడు. "ఇంత దూరం వచ్చావు నాన్నా, ఒక్కరోజు వెళ్లి చూసి రా," అని అమ్మాయి. బస్సుల నెంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టింది. తోట వదిలి వెళ్లాలంటే మనసొప్పలేదు. కానీ మందు ఆగిందిగా అని ధైర్యం చెప్పుకుని బయల్దేరాను.

రేవు దగ్గర గుట్టలుగా పోసిన ముడిఇనుము దుమ్ముకి తెల్లపంచె జేగురుపంచె అయింది. చేపల రేవుకి వెళ్లేసరికి వేట నుంచి పడవలు వచ్చేశాయి. ఆడవాళ్లు చేపలు వేరుచేస్తున్నారు. నేను తిననని చెప్పినా ఒకావిడ కొనమని రెండుసార్లు అడిగింది. అప్పుడు చూశాను. నీళ్లమీదుగా తెల్లటి సీతాకోకచిలుకలు, ఒక్కొక్కటిగా, రాళ్లకట్ట దాటి ఒడ్డుకి వస్తున్నాయి. ఒకటి వచ్చి వల మీద వాలింది. దాని రెక్క అంచు చిరిగి ఉంది.

"ఇవి ఎక్కణ్ణించి వస్తాయమ్మా?" అని అడిగాను.

"ఏటో, బాబూ. అటేపునించే వత్తాయి. మేం సేపలు సూసుకుంటాం గదా, ఈటినెవులు సూత్తారు!" అంది. అని తనే చేయి ఆపి కాసేపు చూసింది. "ఒగటి, రెండు... ఇన్నొత్తన్నాయేటి!"

అమ్మాయికి చెప్పడానికి నా దగ్గరా ఒక సంగతి దొరికిందని నాకు పిల్లవాడంత సంతోషమేసింది. ఎన్ని వస్తాయోనని లెక్కపెట్టాను. పదిహేడు. ఆ అంకె మర్చిపోతానేమోనని బస్సు నెంబర్ల కాగితం వెనక రాసుకున్నాను. ఆ హడావుడిలో గొడుగు అక్కడే వదిలేశాను.

మందు వాసన

తోట ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగానే ముక్కుకి తగిలింది. పరుగెత్తాను. ఆకుల మీద తెల్లటి మరకలు ఎండుతున్నాయి. ఎర్రదారాల కింద నేలమీద తేనెటీగలు పడి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా పడి కాళ్లాడిస్తున్నాయి. పాక దగ్గర నాయుడు మందు కొట్టే చేతిపంపు కడుగుతున్నాడు. అమ్మాయి ముక్కుకి గుడ్డ కట్టుకుని, వంగి, చచ్చినవాటిని ఏరి సీసాలో వేస్తోంది.

"మాటిచ్చి తప్పుతారా! మీరు పెద్దమనిషేనా?" అని అరిచాను. జన్మలో ఒకర్ని అంత మాట అనలేదు.

నాయుడు తలెత్తలేదు. అమ్మాయి లేచి మా ఇద్దరి మధ్యకి వచ్చింది.

"నేనే కొట్టించాను నాన్నా."

నాకు అర్థం కాలేదు.

"నా పనే అది. మందుకి ముందు ఎన్ని వస్తాయి, మందు తర్వాత ఎన్ని వస్తాయి, మళ్లీ ఎన్నాళ్లకి వస్తాయి. నెల రోజులుగా ఈ మందు కోసమే కూర్చున్నాను. నువ్వు ఆపమన్నావని పొద్దున్నే పైడమ్మత్త చెప్పింది. నాయుడు మావయ్య ఆపేసేవాడే. పూతంతా మాడిపోయినా ఆపేసేవాడు. ఆఖరి కాపు నాన్నా వాళ్లకి! మాట తప్పమని నేను ఆయన్ని బతిమాలాల్సి వచ్చింది."

"నాకు చెప్పకుండా ఎందుకు పంపించావు?"

"మందు కొడుతున్న తోటలో నన్ను ఉండనిస్తావా?"

ఉండనివ్వను. ఆ సాయంత్రం బండికే ఎక్కించేసేవాణ్ణి.

అప్పుడు పైడమ్మ కూడా నోరు విప్పింది. "ఇంకా దాసిపెట్టి ఏటి లాభం పాపా, నాను సెప్పేత్తాను. మాస్టారూ, మాగమాసంలో ఈగ పాప కంటిమీద కుట్టీసింది. మొకమంతా వాసిపోయి, రెండు రోజులు కళ్లు కనబడలేదు. జొరం. ఈయనే సైకిలు మీద ఎనక్కూకోబెట్టి డాట్రు దగ్గిరికి తీసుకెళ్లి సూది ఏయించినాడు. ఉన్నదున్నట్టు కార్డు రాత్తే మీరు వొచ్చి తీసుకెల్లిపోతారని ఏడిసింది."

కార్డు రాసింది. "ఏం లేదు" అని రాసింది. నేను భయపడిందంతా నిజమే అయింది, కానీ నేను లేనప్పుడు అయింది, ముక్కూ మొహం తెలియని ఒకాయన సైకిలు వెనక అయిపోయింది. కోపం రావాలి. రాలేదు. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన్నా నేను పెద్దమనిషేనా అన్నది!

"ఈయన పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు," అంది పైడమ్మ. విస్తరి ముందు అతిథి అడిగింది ఆ ఇంట్లో తాతల కాలంనుంచి కాదనరట. తప్పాల్సి వస్తే, ఆ అడిగినవాడే వదిలేశానని చెప్పేదాకా తినరట. నాకీ సంగతి ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో భోజనాల దగ్గర అడిగినవి చేయి కడుక్కునేలోపే మర్చిపోతాం.

"ఏమని చెప్పాలి?" అన్నాను.

"మాట ఇడిసినాను, అనాలి."

నేను వెళ్లి నాయుడి తడిచేతులు పట్టుకున్నాను. "మాట ఇడిసినాను బావా," అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సబ్బెట్టి కడుక్కోవాలి మాస్టారూ, మందు సేతులు," అన్నాడు. ఇద్దరం కలిసి కడుక్కున్నాం. కలిసి తిన్నాం. ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆఖరి ఉదయం

మర్నాడు అమ్మాయి నాకు మళ్లీ అదే దారం అప్పగించింది. గడియారం చూసుకుని కూర్చున్నాను. చేతిలో సున్నం డబ్బీ లేదు. రెండు నిమిషాలు. అయిదు. పూత అలాగే ఉంది, వాసన అలాగే ఉంది, ఏమీ రావడం లేదు. తోటంతా ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోలేదు. రెండు రోజుల క్రితం ఇదే చోట, ఏం వచ్చి మీద వాలుతుందోనని వణికాను. ఇప్పుడు ఏదీ రాదేమోనని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాను. తొమ్మిదో నిమిషంలో ఒక్కటి వచ్చింది. ఒక పువ్వు మీద వాలి, వెంటనే లేచి వెళ్లిపోయింది. నేను ఒక గీత గీశాను.

అమ్మాయి నా కాగితం తీసుకుని చూసింది. తన సంచి కూడా సర్దుకోవాలా అని నా మొహంలోకి చూసింది. దానికి భయమే లేదనుకున్నాను ఇన్నాళ్లూ.

"తోటలో ఒక్కదానివే ఉండకు. పైడమ్మ గారు పక్కన లేకుండా కూర్చోకు. ఈసారి కుడితే నిజం రాయి," అన్నాను.

"రాస్తే నిద్రపోతారా?"

"పోం. అయినా రాయి."

బస్సు దాకా నాయుడే సైకిలు మీద దింపాడు. వెనక సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో

గుమ్మంలో నేనొక్కణ్ణే కనబడేసరికి కామేశ్వరి నా వెనక వీధిలోకి తొంగిచూసింది. నడిమి గదిలో అమ్మాయి కోసం పరుపు దించి, ఉతికిన దుప్పటి పరిచి ఉంది. కాళ్లు కడుక్కోకుండానే అంతా చెప్పేశాను. కన్ను వాచిన సంగతి, సూది, మందు, నేను వాగిన వాగుడు, ఒక్కటీ దాచలేదు. దాస్తే నావల్ల కాదని తెలుసు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. స్తంభానికి ఆనుకుని వింటూ ఉండిపోయింది.

నేను ముగించాక, "మందుకి ముందు ఎన్ని వచ్చాయన్నారు?" అంది.

"ముప్పై ఎనిమిది."

"తర్వాత?"

"ఒకటి."

"మళ్లీ అన్నీ ఎప్పటికి వస్తాయట?"

"అదే తెలియదు. రోజూ కూర్చుని లెక్కపెడితేగానీ."

కామేశ్వరి లేచి నడిమి గదిలోకి వెళ్లింది. దుప్పటి మడతపెట్టింది. పరుపు చుట్టి, తాడు వేసి, "ఓ చెయ్యి వేయండి, అటక మీద పెట్టేద్దాం," అంది.